పట్టేసిన నడుము, జారని డిస్కు

హైదరాబాద్ కొండాపూర్‌లో ఒక జిమ్ము, ఉదయం ఆరున్నర. 80 కిలోల బారును అయిదుసార్లు తప్పు లేకుండా లేపి దించిన మనిషి, చెవికి ఫోను ఆనించుకుని, పక్కకు వంగి, 10 కిలోల ప్లేటును స్టాండు అడుగు వరసలో పెట్టబోయాడు. నడుము కలుక్కుమంది. వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. లేవడానికి లేదు, కూర్చోవడానికి లేదు, ఊపిరి నిండుగా పీల్చడానికి కూడా భయం. ట్రైనరు పరుగున వచ్చి రబ్బరు చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు బెంచీ మీదికి ఎత్తిపెట్టాడు. ఆ పది నిమిషాలూ అతని ప్రార్థన ఒక్కటే: తుమ్ము రాకూడదు.

జిమ్ములున్న ప్రతి పేటలోనూ ఇలాంటి ఉదయాలు ఉంటాయి. ఆ తర్వాత జరిగేది కూడా దాదాపు ఒకే వరసలో నడుస్తుంది. ఇంట్లో బామ్ రాస్తారు. ఆఫీసులో తెలిసినవారు ఒక స్పైన్ సర్జన్ పేరు చెబుతారు. మధ్యాహ్నానికి స్కానింగు కేంద్రంలో ఎంఆర్‌ఐకి సమయం దొరుకుతుంది. సాయంత్రానికి చేతిలో రిపోర్టు: ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నడుము నాలుగో పూసకూ అయిదో పూసకూ మధ్య, డిస్కు బల్జ్, నరం మూలానికి స్వల్పంగా తగులుతోంది. పొద్దున నడుము పట్టేసిన మనిషి రాత్రికి డిస్కు పేషెంటు అవుతాడు. నొప్పి రెండు మూడు వారాల్లో తగ్గినా ఆ పేరు ఏళ్ల తరబడి వదలదు. బరువులు మానేస్తాడు, నేల మీద కూర్చోవడం మానేస్తాడు, పిల్లవాణ్ని ఎత్తుకోవడానికి జంకుతాడు. వ్యాయామంలో తగిలే నడుము దెబ్బల్లో చాలావాటికి అసలు నష్టం ఈ వరస వల్లే జరుగుతోంది. చివర రావలసిన ఫొటో ముందుకొచ్చింది. ముందు జరగాల్సిన అయిదు నిమిషాల పరీక్ష వెనక్కి పోయింది.

పేరులోనే తిరకాసు

తెలుగులో ఈ బాధకు పాత మాట 'నడుము పట్టేసింది'. ఏం జరిగిందో ఆ మాట చెబుతుంది; ఎందుకు జరిగిందో తనకు తెలిసినట్టు నటించదు. 'డిస్కు జారింది', 'పూసల మధ్య గ్యాప్ వచ్చింది', 'ఎల్5 అరిగిపోయింది' అన్నవి స్కానింగులతో పాటు ఇళ్లలోకి నడిచొచ్చిన మాటలు. ఇవి కారణం కూడా చెప్పేస్తాయి, అదీ చాలాసార్లు తప్పుగా. 'గ్యాప్' మరీ విచిత్రమైన మాట. డిస్కులో నీరు తగ్గి అది పలచబడితే పూసల మధ్య ఎడం తగ్గుతుంది తప్ప పెరగదు.

నడుము భాగంలో వెన్నుపూసలు అయిదు. ఒక్కో జతకు మధ్య ఒక డిస్కు. దాన్ని పూర్ణం బూరెలా ఊహించుకుంటే పోలిక చాలావరకు కుదురుతుంది: లోపల మెత్తని గుజ్జు, చుట్టూ గట్టి పొర. కాకపోతే ఆ పొర ఒక్కటి కాదు. పదిహేను నుంచి ఇరవై అయిదు దాకా పట్టీలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా అల్లుకుని, పైపూసకూ కిందిపూసకూ అతుక్కుని ఉంటాయి. అంత గట్టిగా అతుక్కున్నది సబ్బుముక్కలా జారదు. జరిగేది మరొకటి. బూరె ఒక పక్కకు కొద్దిగా ఉబ్బుతుంది, అది బల్జ్. లేదా పొర చిట్లి పూర్ణం బయటికి వస్తుంది. అలా వచ్చింది నరం మూలాన్ని నొక్కితే, దాని చుట్టూ వాపు లేస్తే, పిరుదు నుంచి పిక్క దాకా, ఒక్కోసారి పాదం దాకా కరెంటు తీగ పాకినట్టు నొప్పి దిగుతుంది. అదే సయాటికా. కాలి నొప్పికి ఈ డిస్కు కారణమని 1934లో అమెరికా వైద్యులు మిక్స్‌టర్, బార్ స్పష్టంగా చూపించారు. అది గొప్ప ఆవిష్కరణే. దాని నీడ మాత్రం అక్కర్లేని చోట్ల కూడా పడింది. కాలిలోకి దిగని నొప్పిని కూడా డిస్కు ఖాతాలో రాసే అలవాటు అప్పటి నుంచే బలపడింది.

నిజానికి హఠాత్తుగా వచ్చే నడుము నొప్పుల్లో నూటికి దాదాపు తొంభై వాటికి 'ఇదిగో ఈ భాగం దెబ్బతింది' అని వేలు పెట్టి చూపించడం ఏ వైద్యుడికీ సాధ్యం కాదు. కండరం కావచ్చు, పూసల వెనక ఉండే చిన్న కీలు కావచ్చు, వాటిని కట్టి ఉంచే స్నాయువు కావచ్చు, డిస్కు బయటి పొరలో సన్నని చీలిక కావచ్చు. వైద్యంలో దీన్ని నిర్దిష్ట కారణం తేలని నడుము నొప్పి అంటారు. వినేవారికి ఇది చేతులెత్తేసినట్టు అనిపిస్తుంది కానీ, రోగికి ఇంతకంటే మంచి వార్త లేదు. విరిగింది లేదు, చితికింది లేదు, సోకింది లేదు అని దాని అర్థం.

మరి అంత నొప్పి ఎందుకు? నడుము కండరాలు ఒక్కసారిగా బిగుసుకోవడం శరీరం వేసే కాపలా. చిన్న దెబ్బ తగిలినా, తగలబోతున్నట్టు అనిపించినా అవి రాయిలా గట్టిపడతాయి. దెబ్బ కంటే కాపలాయే ఎక్కువ బాధ పెడుతుంది. వేలి చివర చిన్న గాయం, వీధంతా పోలీసులు అన్నట్టుంటుంది పరిస్థితి. నొప్పి ఎంత ఉందన్నది దెబ్బ ఎంత ఉందన్నదానికి కొలత కాదన్న ఒక్క సంగతి మొదటి రోజునే తెలిస్తే సగం భయం తగ్గుతుంది.

నీళ్ల క్యాను లెక్క

80 కిలోలకు ఏమీ కానిది 10 కిలోలకు ఎందుకు అయింది? దీనికి జవాబు తక్కెడ లెక్కలో ఉంది. నడుము దగ్గర ఇరుసు డిస్కు. వెనక వైపు వీపు కండరాలు ఇరుసుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో లాగుతాయి. ముందు వైపు చేతిలోని బరువు. హైదరాబాద్‌లో దాదాపు ప్రతి ఇంటా, ప్రతి ఆఫీసులో ఎత్తే 20 లీటర్ల నీళ్ల క్యానునే తీసుకుందాం. ఒంటికి ఆనించి పట్టుకుంటే అది ఇరుసుకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, వీపు కండరాలు దానికోసం 80 కిలోల బరువుతో సమానమైన బలంతో లాగాలి. అదే క్యానును చేతులు చాచి 50 సెంటీమీటర్ల దూరంలో అందుకుంటే ఆ లెక్క 200 కిలోలకు చేరుతుంది. బరువు మారలేదు, దూరం మారింది. దీనికి తోడు నడుము పైన ఉన్న శరీరం కూడా ఒక బరువే. 70 కిలోల మనిషి ముందుకు వాలినప్పుడు తల, చేతులు, ఛాతీ అన్నీ కలిసి తక్కెడ ముందు పళ్లెంలోకే వస్తాయి. కాబట్టి స్టాండు అడుగుకు పక్కగా చెయ్యి చాచి పెట్టిన ప్లేటు కాగితం మీద 10 కిలోలే గానీ నడుముకు కాదు.

ఈ ఒత్తిడిని మనిషి డిస్కులోనే సూది పెట్టి కొలిచినవారూ ఉన్నారు. 1960లలో స్వీడన్‌కు చెందిన నాకెమ్‌సన్ మొదలుపెట్టిన ఆ పనిని 1999లో జర్మనీలో విల్కే బృందం ఒక వాలంటీరు మీద మళ్లీ చేసింది. పడుకున్నప్పుడు డిస్కులో ఒత్తిడి 0.1 మెగాపాస్కల్, నిలబడితే 0.5, 20 కిలోలను మోకాళ్లు వంచి ఎత్తితే 1.7, అదే బరువును వీపు గుండ్రంగా వంచి ఎత్తితే 2.3. తేడా ఉంది. కానీ 'వీపు వంగిందా, డిస్కు పోయినట్టే' అని జిమ్ముల్లో భయపెట్టేంత తేడా కాదు. నాట్లు వేసేవారు, బట్టలు ఉతికేవారు, చీపురు పట్టి ఊడ్చేవారు రోజుకు వందల సార్లు వంగుతారు. అలవాటైన పనికి వెన్ను బలపడుతుంది. ప్రమాదం అలవాటు లేని బరువులో, అలవాటు లేని దూరంలో, అలవాటు లేని వేళలో ఉంది.

వేళ గురించి ఒక ముచ్చట. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. అందుకే మనిషి పొద్దున లేచేసరికి రాత్రి కంటే ఒకటి రెండు సెంటీమీటర్ల పొడుగు ఉంటాడు. ఉబ్బిన డిస్కు బిర్రుగా ఉంటుంది. లేచిన మొదటి గంటలో ముందుకు వంగినప్పుడు దాని మీద, స్నాయువుల మీద లాగుడు ఎక్కువ. ఆఫీసుకు ముందే జిమ్ము ముగించాలని అయిదున్నరకు లేచి ఆరింటికి బారు దగ్గర వంగేవారు ఈ సంగతి పట్టించుకోరు. సంక్రాంతికి ఊరెళ్లి, రాత్రంతా బస్సులో నడుము ముడుచుకుని కూర్చుని, తెల్లవారుజామున మియాపూర్‌లోనో ఎల్బీనగర్‌లోనో దిగి, వారం రోజుల అరిసెల లెక్క తేల్చడానికి అదే పూట పాత బరువులే ఎత్తేవారి సంగతి చెప్పనే అక్కర్లేదు.

సిడ్నీలో హఠాత్తుగా నడుము పట్టేసిన 999 మందిని 'ఆ ముందు రెండు గంటల్లో ఏం చేశారు' అని అడిగి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో బయటపడ్డ కారణాల్లో బరువులు ఉన్నాయి, అసౌకర్యమైన భంగిమలు ఉన్నాయి, అలసట ఉంది. అన్నిటికంటే పైన నిలిచింది పరధ్యానం. పని చేస్తూ మనసు మరోచోట ఉన్నప్పుడు నడుము పట్టేసే అవకాశం దాదాపు 25 రెట్లు పెరిగింది. ఎక్కువమందికి అది ఉదయం ఏడింటికీ మధ్యాహ్నం పన్నెండింటికీ మధ్యే జరిగింది. బెల్టుల మీద, బూట్ల మీద వేలు పోసే జిమ్ముల్లో ఫోను పక్కన పెట్టమని రాసిన బోర్డు కనిపించడం మాత్రం అరుదు.

మొదటి మూడు రోజులు

పట్టేసిన క్షణంలో బలవంతంగా నిటారు కావాలని ప్రయత్నించకూడదు. ఎవరినైనా పట్టుకుని నేల మీదికి దిగి, మోకాళ్లు మడిచి పక్కకు తిరిగి పడుకున్నా సరే, కాళ్లు కుర్చీ మీద పెట్టి వెల్లకిలా పడుకున్నా సరే, ఏది హాయిగా ఉంటే అది. మంచం మీద నుంచి లేవడానికి ఒక కిటుకు ఉంది: ముందు దుంగలా మొత్తం శరీరం పక్కకు దొర్లాలి, కాళ్లు మంచం కిందికి జార్చాలి, అప్పుడు మోచేతి మీద ఒత్తి లేవాలి. తుమ్మో దగ్గో వచ్చేలా ఉంటే గోడకో బల్లకో చెయ్యి ఆనించి మోకాళ్లు కొద్దిగా వంచితే కుదుపు తగ్గుతుంది.

కాపడానికి ఆధారం ఉంది. పెద్దవాళ్లు పెనం మీద ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టి పెట్టే కాపడమైనా, వేడినీళ్ల సంచి అయినా మొదటి రోజుల్లో కండరాల బిగువు సడలడానికి సాయపడుతుంది. అమెరికా వైద్యుల కళాశాల 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మందుల కంటే ముందు వేడి, మర్దన వంటివే పెట్టాయి. ఐసు పెట్టుకుంటే హాయిగా ఉందనేవారు పెట్టుకోవచ్చు. దానివల్ల తొందరగా తగ్గుతుందనడానికి గట్టి రుజువు లేదు.

మంచం పట్టడం మాత్రం పాత తప్పు. ఒకప్పుడు వైద్యులే వారాల తరబడి విశ్రాంతి రాసేవారు. 1995లో హెల్సింకీ నగర ఉద్యోగులు 186 మందిని మూడు గుంపులుగా చేసి చూశారు: రెండు రోజులు మంచం మీద ఉన్నవారు, వీపు వ్యాయామాలు చేసినవారు, ఓర్చుకోగలిగినంతలో మామూలు పనులు చేసుకున్నవారు. అందరికంటే ముందు కోలుకున్నది మూడో గుంపు. ఇక్కడ వ్యాయామాలు చేసినవారు కూడా వెనకబడ్డారన్నది గమనించాలి. మొదటి వారంలోనే యూట్యూబు చూసి సాగదీసే ఆసనాలు మొదలుపెట్టడం విశ్రాంతికి విరుగుడు కాదు. ఇంట్లోనే అయిదు నిమిషాలు నడవడం, గంటకోసారి లేవడం, స్నానం తనంతట తాను చేయడం: ఆ దశకు అదే వ్యాయామం.

మాత్రల విషయంలో ఇక్కడి అలవాటు మందుల షాపు సలహాతో మొదలవుతుంది. పారాసిటమాల్ ఒక్కటే వేసుకుంటే కోలుకునే వేగం పెరగదని 2014లో ఆస్ట్రేలియాలో సుమారు 1,650 మందితో చేసిన పరీక్ష తేల్చింది. మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారు 16 రోజుల్లో, అసలు మాత్ర వేసుకున్నవారు 17 రోజుల్లో కోలుకున్నారు. వాపు తగ్గించే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకం మందులు కొంత ఉపశమనం ఇస్తాయి, కానీ అల్సరు, కిడ్నీ జబ్బు, బీపీ, గుండె జబ్బు ఉన్నవారు అడగకుండా వేసుకోకూడదు. మండే ఏప్రిల్‌లో చెమటోడ్చి, నీళ్లు చాలక, ఖాళీ కడుపున వేసుకోవడం ఇంకా ప్రమాదం. నరాల బలానికని చీటీలో చేరే ప్రీగాబలిన్ సయాటికా నొప్పికి కూడా ఉత్తుత్తి మాత్రను మించి పనిచేయలేదని 2017లో తేలింది. అయినా మన చీటీల్లో దాని స్థానం చెక్కుచెదరలేదు.

ఆగకూడని సందర్భాలు

పైన చెప్పినదంతా ప్రమాద సూచనలు లేనప్పటి మాట. ఉంటే ఒక్క రాత్రి కూడా ఆగకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, రోగి సిగ్గుతో చెప్పకుండా దాచేది: సైకిలు సీటు తగిలే చోట, అంటే మర్మాంగాల చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారడం. మూత్రం నిండినట్టున్నా రాకపోవడం, తెలియకుండా పోవడం, మలం మీద అదుపు తప్పడం, రెండు కాళ్లూ బలహీనపడటం. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. అక్కడి నుంచి కిందికి నరాలు గుర్రపు తోకలా కట్టగా దిగుతాయి. బయటికొచ్చిన పెద్ద డిస్కు ముక్క ఆ కట్టనంతా నొక్కితే ఈ లక్షణాలు వస్తాయి. దీనికి గంటల లెక్కన ఆపరేషన్ చేయాలి. 48 గంటలు దాటితే మూత్రం మీద అదుపు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అర్ధరాత్రి అయినా న్యూరోసర్జన్ ఉండే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికే వెళ్లాలి. పొద్దున ఓపీ కోసం చూడటం తగదు.

పాదం పైకి లేవకపోవడం, అంటే నడిచేటప్పుడు చెప్పు జారిపోవడం, మెట్టుకు వేళ్లు తగులుకోవడం కూడా ఆలస్యం చేయకూడని సంగతే. జ్వరం, రాత్రిపూట మేల్కొలిపే నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో కేన్సరు, చాలాకాలంగా స్టెరాయిడ్ల వాడకం, పెద్ద వయసులో జారిపడటం ఉంటే లెక్క మారుతుంది. మన దేశంలో వెన్నుపూసకు సోకే క్షయ ఇంకా ఉంది. జిమ్ములో ఆ రోజు పట్టేసినట్టు కనిపించినా నెల రోజులుగా సాయంత్రపు జ్వరం ఉందంటే ఆ చరిత్రకే ప్రాధాన్యం. టీనేజీ పిల్లల్లో, ముఖ్యంగా ఫాస్టు బౌలర్లలో, వెనక్కి వంగినప్పుడు పెరిగే నొప్పి పూస వెనక భాగంలో సన్నని పగులు కావచ్చు. జస్‌ప్రీత్ బుమ్రాను 2019లో, మళ్లీ 2022లో ఆటకు దూరం చేసింది వెన్నులోని అలాంటి ఒత్తిడి పగులే. 2023లో న్యూజిలాండ్‌లో శస్త్రచికిత్స కూడా జరిగింది. అకాడమీల్లో రోజూ బంతులేసే పిల్లల నడుము నొప్పిని 'పట్టేసింది' అని వదిలేయకూడదు.

అయిదు నిమిషాల పరీక్ష

ఈ ప్రమాద సూచనలను వెతకడానికి యంత్రం అక్కర్లేదు. వైద్యుడు ముందు మడమల మీద నాలుగడుగులు వేయమంటాడు, తర్వాత మునివేళ్ల మీద. కాలి బొటనవేలును పైకి లేపమని తాను కిందికి నొక్కుతాడు; అది ఓడిపోతే అయిదో నడుము నరం మీద అనుమానం. మునివేళ్ల మీద లేవలేకపోతే దాని కింది నరం మీద. మోకాలి దగ్గర, చీలమండ దగ్గర చిన్న సుత్తితో తడతాడు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు పైకెత్తుతాడు. 30 నుంచి 70 డిగ్రీల మధ్య కాలిలోకి నొప్పి సర్రున పాకితే నరం నలుగుతోందన్న సూచన. తొడ వెనక కండరం లాగడం వేరు, అది లెక్కలోకి రాదు. మధ్యలో మూత్రం గురించి సూటిగా అడుగుతాడు. అంతే.

ఈ పరీక్షకు ఎంబీబీఎస్ వైద్యుడు చాలు. 2018లో మొదలై నగరమంతా విస్తరించిన ప్రభుత్వ బస్తీ దవాఖానాల్లోనూ అది దొరకాలి, దొరుకుతుంది. మొదటి రోజునే శస్త్రచికిత్స నిపుణుడి దగ్గరికి పరుగెత్తడం ఇల్లు ఊడ్చడానికి ఇంజనీరును పిలిచినట్టే. కాలి బలహీనత ఉంటే, ఆరు వారాలు గడిచినా నొప్పి కదలకపోతే అప్పుడు పంజగుట్టలోని నిమ్స్, సికింద్రాబాద్ గాంధీ, ఉస్మానియా వంటి చోట్ల ఎముకల, న్యూరోసర్జరీ విభాగాలు ఉన్నాయి. కార్పొరేట్ ఆసుపత్రులకూ కొదవ లేదు. ఎక్కడికి వెళ్లినా గుర్తుంచుకోవలసిన కొలబద్ద ఒకటే: బట్టల మీద నుంచైనా కాలు ముట్టి చూడకుండా స్కాను రాసిన చోట రెండో అభిప్రాయం తప్పనిసరి.

స్కాను మీద ఇంత అనుమానం ఎందుకంటే, అది అబద్ధం చెబుతుందని కాదు, అడగని సంగతులు కూడా చెబుతుందని. 1994లో నడుము నొప్పి లేని 98 మందికి ఎంఆర్‌ఐ తీస్తే 52 శాతం మందిలో కనీసం ఒక చోట డిస్కు బల్జ్ కనిపించింది. 2015లో 33 అధ్యయనాల్లోని 3,110 మంది ఫలితాలను కలిపి చూశారు. వాళ్లెవరికీ నొప్పి లేదు. అయినా 30 ఏళ్లవారిలో 40 శాతానికి, 40 ఏళ్లవారిలో సగం మందికి డిస్కు బల్జ్ ఉంది. 20 ఏళ్లవారిలోనే 37 శాతానికి డిస్కు 'అరుగుదల' ఉంది. అంటే హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో నవ్వుకుంటూ దిగుతున్న పదిమంది ముప్పయ్యేళ్లవారికి స్కాను తీస్తే నలుగురి చేతికి కొండాపూర్ మనిషి రిపోర్టు లాంటిదే వస్తుంది. అతని డిస్కు నిన్న కూడా అలాగే ఉబ్బి ఉండవచ్చు. నిన్న ఎవరూ ఫొటో తీయలేదు. ప్రమాద సూచనలు లేనప్పుడు మొదటి ఆరు వారాల్లో స్కాను వల్ల చికిత్స మారదు, రోగి మనసు మాత్రం మారుతుంది.

ఖర్చు కోణం కూడా ఉంది. చాలా ఆరోగ్య బీమా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. ఓపీలో తీయించుకున్న ఎంఆర్‌ఐ జేబులో నుంచే. 'స్కాను కోసం ఒక రోజు అడ్మిట్ అయిపోండి' అన్న ఉచిత సలహా వినిపిస్తుంది గానీ, కేవలం పరీక్షల కోసం చేరడాన్ని బీమా నియంత్రణ సంస్థ ప్రామాణిక మినహాయింపుల్లోనే చేర్చింది. పైగా ప్రమాదం వల్ల కాని డిస్కు సమస్యలకు చాలా పాలసీల్లో రెండేళ్ల నిరీక్షణ కాలం ఉంటుంది.

కాలిలోకి దిగిన నొప్పి, నిజంగానే బయటికొచ్చిన డిస్కు ఉన్నవారికి కూడా ఒక ఊరట ఉంది. బయటపడ్డ గుజ్జును శరీరం పరాయి పదార్థంగా గుర్తించి, రక్తకణాలను పంపి నెమ్మదిగా తినేయిస్తుంది. వింత ఏమిటంటే, ఎంత ఎక్కువగా బయటికి వస్తే అంత ఎక్కువగా కరుగుతుంది. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం పూర్తిగా తెగిపడిన ముక్కల్లో 96 శాతం వాటంతటవే తగ్గాయి. కేవలం ఉబ్బినవాటిలో 13 శాతమే. రిపోర్టులో అన్నిటికంటే భయంకరంగా వినిపించే మాటకే కరిగిపోయే అవకాశం ఎక్కువన్నమాట. ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో ఉన్న 283 మందితో నెదర్లాండ్స్‌లో చేసి 2007లో ప్రచురించిన పరీక్షలో, ముందే ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి తొందరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. ఆగుదామనుకున్నవారిలో 39 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కు వెళ్లారన్నది కూడా చెప్పుకోవాలి. కాబట్టి ఆపరేషన్ ఓటమీ కాదు, మోసమూ కాదు. ఓర్చుకోలేని నొప్పిని ఎన్ని వారాలు ముందు వదిలించుకోవాలన్న ప్రశ్నకు అది ఒక జవాబు.

ఎదురుకాళ్ల వైద్యం

నడుము పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవారిని పిలిచి, వీపు మీద కాలితో మెల్లగా తొక్కించుకోవడం తెలుగునాట ఇంకా ఉంది. పాత బస్తీలో కీళ్లు, ఎముకలు సరిచేసే పహిల్వాన్లున్నారు. పుత్తూరు కట్టు పేరుతో నగరంలో చాలాచోట్ల బోర్డులు కనిపిస్తాయి. వెళ్లినవారిలో చాలామంది తగ్గిందనే చెబుతారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నొప్పి పరాకాష్ఠకు చేరిన మూడో రోజో నాలుగో రోజో వెళతారు. ఏమీ చేయకపోయినా అక్కడి నుంచి అది దిగడమే మొదలవుతుంది. కాకి వాలింది, తాటిపండు పడింది. ప్రమాద సూచనలు లేని నడుమును ఎదురుకాళ్ల మేనత్త మెల్లగా తొక్కితే వచ్చే నష్టం పెద్దగా లేదు. కాలు మొద్దుబారిన మనిషి వెన్నును మెలితిప్పి టప్పుమనిపించడం మాత్రం ఎవరు చేసినా తప్పే.

కాకతాళీయం పాత వైద్యాల సొత్తేమీ కాదు. వీధికొకటిగా వెలిసిన ఫిజియోథెరపీ కేంద్రాల్లో పది సిట్టింగుల ప్యాకేజీ పేరుతో జరిగే ట్రాక్షను (నడుమును సాగదీసి లాగడం), అల్ట్రాసౌండ్, సన్నగా జివ్వుమనే కరెంటు పెట్టెలదీ అదే కథ. బ్రిటన్ మార్గదర్శక సంస్థ నైస్ 2016లో నడుము నొప్పికి ట్రాక్షనూ వద్దు, అల్ట్రాసౌండూ వద్దు, బెల్టులూ వద్దు అని తేల్చి చెప్పింది. మంచి ఫిజియోథెరపిస్టుకు ఈ పెట్టెల అవసరం తక్కువ. అతని సమయమంతా రోగి చేత చేయించడంలో పోతుంది: తుంటి దగ్గర మడవడం, ఊపిరి బిగించి పొట్టను గట్టిపరచడం, కుర్చీలో నుంచి చేతుల సాయం లేకుండా లేవడం. కేంద్రంలో చేరేముందు 'నన్ను ఏం చేయిస్తారు?' అని అడిగితే తేడా తెలిసిపోతుంది. 'మీరు పడుకోండి చాలు, అంతా మిషనే చేస్తుంది' అన్న చోట చేరకపోవడం మంచిది.

తిరిగి బారు దగ్గరికి ఎప్పుడు? నొప్పి పూర్తిగా సున్నా అయ్యేదాకా ఆగాలన్న నియమం లేదు. బూటు లేసు కట్టుకోగలిగి, అరగంట నడవగలిగి, రాత్రి నిద్ర పట్టిన నాటి నుంచి ఖాళీ బారుతో మొదలుపెట్టవచ్చు. నడుములో ఉన్న నొప్పి మరుసటి రోజుకు పెరగకపోతే వారానికి కొంచెం కొంచెం. నొప్పి నడుములో తగ్గి కాలిలోకి దిగుతుంటే మాత్రం అది వెనక్కి తగ్గాలన్న సంకేతం.

ఇంత జాగ్రత్త పడ్డా ఒకసారి పట్టేసిన నడుము మళ్లీ పట్టేయడం మామూలే. కోలుకున్న పదిమందిలో ఏడుగురికి ఏడాదిలోగా తిరిగి వస్తుంది. దాన్ని ఆపడానికి ఏది పనిచేస్తుందని ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన పరీక్ష ఫలితం 2024లో వచ్చింది. చేయించింది చాలా సాదా పని: నడక. ఆరు నెలల్లో క్రమంగా వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట స్థాయికి చేరడం, మధ్యలో ఫిజియోథెరపిస్టుతో కొన్ని సమావేశాలు. నడవనివారికి సగటున 112 రోజులకు నొప్పి తిరిగి వస్తే నడిచినవారికి 208 రోజులకు వచ్చింది.

కేబీఆర్ పార్కు, ఇందిరా పార్కు, సంజీవయ్య పార్కు దగ్గర ఉన్నవారికి ఇది తేలిక. నిజాంపేటలోనో ఉప్పల్‌లోనో ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరూ పానీపూరి బండీ పార్కు చేసిన బైకులూ పోగా మిగిలే అడుగు వెడల్పులో అరగంట నడవడం వేరే కసరత్తు. అందుకే అపార్టుమెంటు సెల్లారులో కార్ల మధ్య, మేడ మీద నీళ్ల ట్యాంకుల చుట్టూ రాత్రి భోజనం తర్వాత గిరగిరా తిరిగేవారు కనిపిస్తుంటారు. ఆ పరీక్షలో నడకకు పార్కే కావాలన్న షరతు లేదు. సెల్లారూ లెక్కలోకే వస్తుంది.